రెండు సీట్ల కట్టడం

విల్లూరి పరదేశినాయుడి చేతిలో మొదట ఉన్న సరుకు ఇది: కదలని కారు ఒకటి, దాన్ని కదిలించి తీరాలన్న భార్య ఒకతె, అరకు చేలల్లో పసుపుపచ్చ వలిసెపూలు రాలిపోయేదాకా గడువు.

అనకాపల్లి మార్కెట్లో నాయుడిది పాతకాలపు బెల్లం కొట్టు. ఏ సంగతైనా ఆయన ముందు నిల్వ చూసుకుంటాడు, తరవాత పెట్టుబడి చూసుకుంటాడు, చివర మిగులు చూసుకుంటాడు. అల్లుణ్ణి ఎంచినా, గొడుగు కొన్నా పద్ధతి అదే. కారు మాత్రం ఈ పద్ధతిలో రాలేదు. మార్కెట్ వెనకాల మూతపడ్డ జమీందారుగారి గిడ్డంగిని వేలంలో పాడుకుంటే, చెరకు పిప్పి కుప్ప కింద అది దొరికింది.

యాభై ఎనిమిదో సంవత్సరంలో జమీందారుగారి అబ్బాయి ఓడలో దింపించుకున్న ఇంగ్లీషు పందెం కారు. ముక్కు పొడుగు, వెనక పొట్టి, పైన గుడ్డ కప్పు, లోపల రెండే సీట్లు. పాత ఇనుమువాడు వచ్చి, చుట్టూ తిరిగి, ధర చెప్పబోతుండగా నాయుడి భార్య వరహాలమ్మ భోజనం క్యారేజీ పట్టుకుని వచ్చింది.

"ఇందులో ఎంతమంది పడతారు?" అంది.

"ఇద్దరు."

"సర్దుకుంటే?"

"సర్దుకున్నా ఇద్దరే. మధ్యలో గేరు కర్ర ఉంది."

"మీ అక్క?"

"పట్టదు."

"మీ అక్క కోడలు, దాని పిల్లలు?"

"చెప్పేను కదేటి, ఇద్దరే."

వరహాలమ్మ క్యారేజీ కింద పెట్టి, కారు తలుపు తీసి, సీటు మీది దుమ్ము కొంగుతో దులిపింది. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆ దంపతులు ఇద్దరే కలిసి ఎక్కడికీ వెళ్లింది లేదు. కొత్తలో లారీ ముందు సీట్లో వెళ్లేవారు, డ్రైవరుతోనూ క్లీనరుతోనూ. తరవాత జీపు వచ్చింది, జీపుతో చుట్టాలు వచ్చారు. ఆ తరవాత వ్యాను. వ్యానులో చుట్టాలు, చుట్టాల కాళ్ల కింద బెల్లం దిమ్మలు. సింహాచలం కొండకి మొక్కు తీర్చుకోవడానికి వెళ్లినా గుంపుగానే వెళ్లారు. వరహాలమ్మకి తన భర్త వీపు తెలుసు, గొంతు తెలుసు, పక్క మొహం సరిగ్గా తెలీదు.

"ఇనుమువాణ్ణి పంపెయ్యండి," అంది. "దీన్ని బాగు చేయించండి. వలిసెపూలు ఉండగా అరకు వెళ్లొద్దాం. మీరూ నేనూ."

ఎదుటి మనిషి మెట్టు దిగే రకమా కాదా అన్నది నాయుడికి మొహం చూస్తే తెలిసిపోతుంది. వ్యాపారం నేర్పిన విద్య. ఆయన వరహాలమ్మ మొహం ఒకసారి చూసి, పాత ఇనుమువాడికి టీ తాగించి పంపేశాడు.

బైపాసు పక్కన షెడ్డు పెట్టుకున్న కరీముల్లా మంచి మెకానిక్కే. కాకపోతే ప్రతి బండిలోనూ అతనికి విమానం కనిపిస్తుంది. కారు బానెట్ ఎత్తి, తల లోపల పెట్టి చూశాడు. తరవాత ఆపకుండా మాట్లాడాడు.

"నాయుడుగారూ, ఇది కారు కాదు, గుర్రం. పెద్ద పిస్టన్లు వేసేద్దాం. సైలెన్సర్ పీకేద్దాం. మీరు ఇక్కడ స్టార్టు చేస్తే కశింకోటలో కిటికీలు అదిరిపోవాలి."

"కశింకోటతో నాకేటి పని. నా పని అరకులో ఉంది."

"అరకు అంటే ఘాట్ రోడ్డు. ఎక్కాలంటే బలం కావాలి కదా."

"ఎక్కడం ఇంజను పని, దిగడం బ్రేకుల పని," అన్నాడు నాయుడు. "ఎక్కలేకపోతే మధ్యలో ఆగుతాం. దిగలేకపోతే ఆగం. ముందు బ్రేకులు చూడు."

కరీముల్లాకి ఇది నచ్చలేదు. తప్పు పట్టడానికీ ఏమీ దొరకలేదు. నాయుడికి కార్ల గురించి తెలియదు. సరుకు కొనడం గురించి తెలుసు. ఒక్కో భాగాన్నీ పట్టుకుని ఇది చెడితే ఏమౌతుందని అడిగాడు. ప్రాణం పోయేవి ముందు, ప్రయాణం ఆగేవి తరవాత, సరదా తగ్గేవి ఆఖర్న. అలా అడగ్గా అడగ్గా పని వరస తేలింది. ముందు చక్రాలకి డ్రమ్ము బ్రేకులు తీసి డిస్కు బ్రేకులు వేయాలి. టైర్లు పైకి నిగనిగలాడుతున్నా లోపల రబ్బరు రాయైపోయింది, కాబట్టి మార్చాలి. ఘాట్ మీద బండి నెమ్మదిగా ఎక్కుతుంది, ఎదురుగాలి తగలదు, నీళ్లు మరిగిపోతాయి. అందుకని రేడియేటర్ శుభ్రం చేసి కరెంటు ఫ్యాను బిగించాలి. అప్పుడు నిప్పురవ్వ సంగతి: ప్లగ్గులు, వైర్లు, టైమింగ్. జంట కార్బొరేటర్లని సరిచెయ్యడం ఆఖరు పని. నిప్పు సరిగ్గా లేకుండా పెట్రోలు సరిచేస్తే రెండుసార్లు చెయ్యాల్సి వస్తుందని కరీముల్లాయే ఒప్పుకున్నాడు.

"ఇంకొకటి," అన్నాడు నాయుడు. "తీసిన పాత సామాను నూనె రాసి సంచిలో కట్టు. బాడీకి కొత్త కన్నం ఒక్కటి కూడా పెట్టకు. రేపెవరైనా అసలు రూపం కావాలంటే వెనక్కి బిగించేట్టుండాలి."

"మరి పిస్టన్లు?"

"ఇవన్నీ అయ్యేక నీకింకా ఆ కోరిక మిగిలితే మాట్లాడుకుందాం."

కరీముల్లా స్పానర్ చేతిలోకి తీసుకుని మళ్లీ కింద పెట్టేశాడు. "ఒక్క చిక్కుంది. యాభై ఏళ్లు దాటిన బండికి బోల్టు తిప్పాలన్నా ఇప్పుడు మండలి కాయితం ఉండాలంట. లేకపోతే షెడ్డుకి సీలు."

ఆ ఏడాదే ప్రభుత్వానికి పాతవాటి మీద ప్రేమ పుట్టింది. ప్రాచీన వాహన పరిరక్షణ మండలి అని ఒకటి వెలిసింది. మండలికి అధ్యక్షులవారు వచ్చారు, జీపులు వచ్చాయి, లెటర్‌హెడ్డు వచ్చింది. నియమాలు రాలేదు. రాయడానికి వ్యవధి లేదు, ముహూర్తం దగ్గరపడింది. అందుకని పాత కోటలకీ సమాధులకీ ఉన్న నియమావళిని అట్టతో సహా తెచ్చుకుని, అడుగున ఒక్క వాక్యం చేర్చారు: "పై నియమములలో 'కట్టడము' అని ఉన్న ప్రతిచోటను 'వాహనము' అని చదువుకొనవలెను."

అలా చదువుకోవడానికే విశాఖపట్నంలో ఒక ప్రాంతీయ కార్యాలయం తెరిచారు. దాని సంరక్షణాధికారి తాడికొండ శేషఫణి. ఆయన లంచం తీసుకోడు, సెలవు పెట్టడు, వాక్యాన్ని మధ్యలో వదలడు. నాయుడు దరఖాస్తు పెట్టిన వారంలోనే టేపు, మేస్త్రీలు గోడ నిలువు చూసే గుండు పట్టుకుని గిడ్డంగికి వచ్చాడు.

"వాహనము ఏ దిక్కును చూచుచున్నది?"

"ఉత్తరం అండి."

"పునాది?"

"చక్రాలండి."

"రాతివా, ఇటుకవా?"

"రబ్బరువి."

శేషఫణి 'ఇతరములు' అని రాసుకున్నాడు. గుండు వేలాడదీసి కారు నిలువుగా ఉందో లేదో చూశాడు. నిలువుగా లేదు, ఒక టైరులో గాలి లేదు. "ఈశాన్యమున కుంగినది," అని రాశాడు.

"వాహనముపై రావి మొదలగు మొక్కలు మొలిచినవా?"

"చెరకు పిప్పి ఉండేదండి. తుడిచేశాం."

"తుడిచితిరా." శేషఫణి నిజంగానే బాధపడ్డాడు. "సరే. అంతర్భాగమున ఎవరైనా నివసించుచున్నారా?"

"సీట్లో ఎలుకలు పిల్లలు పెట్టాయండి."

"వాటిని కదల్చరాదు. నివాసులను ఖాళీ చేయించుటకు వేరే ప్రక్రియ కలదు."

సాయంత్రానికి కారు రక్షిత వాహనమైపోయింది. గిడ్డంగి గుమ్మంలో నీలం రంగు బోర్డు లేచింది. వాహనాన్ని యథాస్థితిలో ఉంచాలి, అనగా ఎలుకలతో, గాలి లేని టైరుతో. చుట్టూ నూరు మీటర్ల దూరం పరిరక్షిత వలయం. వలయంలో తవ్వరాదు, కట్టరాదు, పొగ పెట్టరాదు.

"అయితే అరకు తీసుకెళ్లడానికి కాయితం ఎప్పుడిస్తారు?" అని అడిగింది వరహాలమ్మ.

శేషఫణి ఆవిడ వైపు మర్యాదగానే చూశాడు. "అమ్మా, కోటను ఎవరైనా అరకు తీసికొని పోవుదురా?"

"కోటకి చక్రాలుండవు కదా బాబూ."

"చక్రములను గూర్చి నియమావళి మౌనము వహించినది," అన్నాడాయన.

నూరు మీటర్లంటే కాయితం మీద చిన్న మాటే. నేల మీద కొలిస్తే మార్కెట్లో సగం. వలయంలో ఉన్న టీకొట్టు పొయ్యి ఆరిపోయింది. లారీల కాటా కోసం తవ్వుతున్న గొయ్యి సగంలో ఆగింది. పక్క కొట్టు పీలా దాలినాయుడు మేడ కట్టిస్తున్నాడు; ఇనప చువ్వలు ఆకాశం వైపు చూస్తూ నిలబడిపోయాయి. దాలినాయుడు నాయుడి కొట్టుకొచ్చి, కూర్చోమన్నా కూర్చోకుండా నిలబడ్డాడు.

"బావా, నీ కారు నా మేడని మింగేసింది."

"నా కారు ఎలుకల్నే బయటికి తోలలేకపోతంది, నీ మేడనెలా మింగుతాది?"

"నవ్వకు బావా. మార్కెట్ మొత్తం టీ కోసం రైలు గేటు దాకా నడుస్తంది. ఆ కారుని ఎవడికేనా ఇచ్చెయ్."

"అమ్మితే జైలంట. విరగ్గొడితే పెద్ద జైలంట."

"మరేటి చేస్తావు?"

జవాబుకి ఆగకుండా దాలినాయుడు మెట్లు దిగిపోయాడు, మర్నాటినుంచి పలకరించడం మానేశాడు. నాయుడి మనసులో నిల్వ లెక్క తిరగబడింది. మొదట కారు ఒకటే కదలకుండా ఉండేది. ఇప్పుడు మార్కెట్టూ కదలడం లేదు. ఇంట్లో వరహాలమ్మ ఏమీ అనడం లేదు. అరకు నుంచి కాఫీ గింజలు తెచ్చే వ్యాపారిని మాత్రం రోజూ అడుగుతోంది, పూలు ఇంకా ఉన్నాయా అని. ఉన్నాయి కానీ తలలు వాలుస్తున్నాయి అన్నాడతను.

నియమం వల్ల నష్టపోతున్నప్పుడు నియమాన్ని తిట్టడం నాయుడి అలవాటు కాదు. సరుకు చెడిందంటే అమ్మినవాడి దగ్గరకే వెళ్లి, దీనికి ఇంకో పక్క ఏముందో చూపించమంటాడు. తెల్లారి బస్సులో విశాఖపట్నం వెళ్లాడు.

మండలి కార్యాలయం ఆవరణ అంతా సందడిగా ఉంది. సంరక్షణ భవనం పేరుతో కొత్త మేడ లేస్తోంది, నెలాఖరులో మంత్రిగారు ప్రారంభిస్తారు. ఒక మూల బోరు తవ్వుతున్నారు. ఇంకో మూల షామియానా గుంజలకి గోతులు తీస్తున్నారు. నాయుడు అన్నీ చూసుకుంటూ లోపలికెళ్లి, శేషఫణి ఎదురుగా కూర్చున్నాడు.

"ఒక్క మాట అడుగుదామని వచ్చేనండి. ఆ వలయం స్థలానిదా, కారుదా?"

శేషఫణి మొహం వెలిగింది. నియమాల గురించి తెలుసుకోవాలని వచ్చిన మనిషి ఇదే మొదలు. "మంచి ప్రశ్న. వాహనముది. స్థలమునకు స్వతహాగా ఏ గౌరవమును లేదు."

"కారు జరిగితే?"

"జరుగరాదు."

"తుఫానొచ్చి గిడ్డంగి కప్పు ఎగిరిపోతే?"

"అప్పుడు వేరు. ఆపదలో నున్న కట్టడము, అనగా వాహనము యొక్క కదల్చుటకు వీలైన భాగములను యజమాని స్వయముగా ఈ కార్యాలయమునకు చేర్చి రసీదు పొందవలెను. ద్వారబంధములు, విగ్రహములు, శాసనపు రాళ్లు మున్నగునవి."

"కదిలేవన్నీ తేవచ్చా?"

"తేవచ్చునని కాదు. తేవలెను. తేనిచో నేరము."

నాయుడు దణ్ణం పెట్టి లేచాడు. నేరం చెయ్యడం ఆయనకి ఇష్టం లేదు.

ఆ రుతువులో బంగాళాఖాతం ఎవరినీ ఎక్కువకాలం ఆగమనదు. వారం తిరక్కుండా వాయుగుండం పట్టింది, గాలి తిరిగింది, గిడ్డంగి కప్పు రేకులు రెండు లేచి దాలినాయుడి చువ్వల్లో చిక్కుకున్నాయి. ఎలుకలకి నోటీసు అక్కర్లేకపోయింది; రేకుల మోతకి పిల్లల్ని నోట కరుచుకుని అవే ఖాళీ చేశాయి. నాయుడు కరీముల్లాని పిలిపించాడు.

"ఇందులో కదల్చడానికి వీలైన భాగాలేవో చూడు."

కరీముల్లా టైరులో గాలి కొట్టి, హ్యాండ్ బ్రేకు వదిలి, వెనకనుంచి ఒక తోపు తోశాడు. కారు మొత్తం ముందుకి దొర్లింది.

"అన్నీ కదుల్తున్నాయి, నాయుడుగారూ."

"అన్నీ ఎక్కించు మరి."

బెల్లం లారీ మీద టార్పాలిన్ కప్పుకుని కారు విశాఖపట్నం వెళ్లింది. కార్యాలయం ఆవరణలో, బోరుకీ షామియానాకీ సరిగ్గా మధ్యలో దిగింది. శేషఫణి గొడుగు వేసుకుని వచ్చి, అన్ని భాగాలూ వచ్చాయని సంతోషించి, రసీదు రాసిచ్చాడు. "కదల్చుటకు వీలైన భాగము, ఒకటి." సంతకం పెట్టి, తలెత్తి, చుట్టూ చూశాడు. పెన్ను మూత పెట్టడం మర్చిపోయాడు.

ఇంకొక అధికారి అయితే ఆ పూట కళ్లు మూసుకునేవాడు. శేషఫణి ఆ రకం కాదు. టేపు తెప్పించి కొలిపించాడు. కార్యాలయం, కొత్త భవనం, బోరు, షామియానా, ఎదురు వీధి టిఫిన్ సెంటర్, అన్నీ వలయంలోనే. బోరు లారీని తనే స్వయంగా ఆపించాడు. గుంజల గోతులు పూడ్పించాడు. వలయంలో అక్రమ కట్టడం కడుతున్నందుకు సంరక్షణాధికారికి, అనగా తనకి, నోటీసు టైపు చేయించి సంతకం పెట్టాడు. బల్లకి ఇవతలి వైపు వచ్చి నోటీసు అందుకుని, అందినట్టు సంతకం పెట్టాడు. పనులు చాలా దూరం వచ్చినందున పదిహేను రోజుల గడువు దయచేయించవలెనని జవాబు రాసుకున్నాడు. మళ్లీ తన కుర్చీలో కూర్చుని, చెప్పిన కారణాలు తృప్తికరంగా లేవని ఆ విన్నపాన్ని తోసిపుచ్చాడు. తీర్పు విని మొహం వేలాడేసుకుని తనే ఇంటికి వెళ్లాడు.

మర్నాడు అధ్యక్షులవారి ఫోను.

"మంత్రిగారి ప్రోగ్రాం ఖాయమైంది. అక్కడ పని ఆపిందెవరు?"

"నేనేనండి."

"ఎవరి మీద?"

"నా మీదేనండి."

"ఆ కారుని అవతల పారేయించు."

"అట్లు తొలగించుటకు నియమము లేదండి. తొలగించినచో నా మీద నేను క్రిమినల్ కేసు పెట్టవలసివచ్చును. సాక్షిని కూడా నేనే."

"ఏదో ఒకటి చెయ్. నియమంలోనే చెయ్. నెలాఖరుకి అది అక్కడ ఉండకూడదు."

శేషఫణి కబురు పంపాడు. నాయుడు వచ్చాడు, కరీముల్లా వచ్చాడు, పూల సంగతి ఎవరూ మర్చిపోకూడదని వరహాలమ్మ కూడా వచ్చింది. టిఫిన్ సెంటర్ పొయ్యి వలయంలో ఆరిపోయింది కాబట్టి మంచినీళ్లతోనే సమావేశం మొదలైంది.

"మాకేం తొందర లేదండి," అన్నాడు నాయుడు, తొందర ఉన్నవాడితో బేరం చేసేటప్పుడు అనే మాట. "మీ దగ్గర భద్రంగానే ఉంది. అయినా ఏదో పునరుద్ధరణ అంటారు కదా, అలాంటిదేదైనా ఉంటే..."

"కలదు. కట్టడమును అది ఏ ప్రయోజనమునకు నిర్మింపబడినదో ఆ ప్రయోజనమునకు తిరిగి యోగ్యము చేయుట. ప్రయోజనములు నాలుగు: నివాసము, ఆరాధన, రక్షణ, సమాధి."

"స్పీడు లేదా సార్?" అన్నాడు కరీముల్లా.

"లేదు."

"అయితే సమాధి వెయ్యండి. అదే దగ్గర."

"నీ పిస్టన్లు వేస్తే అదే అవుతుంది," అన్నాడు నాయుడు.

వరహాలమ్మ గ్లాసు కింద పెట్టింది. "నివాసం అని రాయండి బాబూ. ఇద్దరికి."

శేషఫణి కిటికీలోంచి కారుని చూశాడు. "ఇద్దరు నివసించుటకు ఆ ప్రదేశము చాలునా అమ్మా?"

"ఇన్నాళ్లూ మాకు అంత కూడా దొరకలేదు."

రాసుకున్నాడు. ఇక మరమ్మతుల వంతు. ఒక్కో పనీ కట్టడాల నియమావళిలో ఏ పద్దు కిందికి వస్తుందో తేల్చాలి. కరీముల్లా చెబుతున్నాడు, శేషఫణి ఆలోచిస్తున్నాడు.

"ముందు చక్రాలకి డిస్కు బ్రేకులు సార్. లోపలివాళ్లు కొండమీంచి కింద పడకుండా ఆపుతాయి."

"పిట్టగోడ. అనుమతించడమైనది."

"టైర్లు."

"పునాదుల పటిష్ఠీకరణ."

"రేడియేటర్ ఫ్యాను."

"గాలి వెలుతురు. తప్పనిసరి."

"ప్లగ్గులు, వైర్లు, డైనమో."

"విద్యుత్ సౌకర్యము. తరువాత?"

"కార్బొరేటర్లు రెండు సార్. గాలీ పెట్రోలూ కలుపుతాయి, లోపల మండుతుంది. రెండూ ఒకే మోతాదులో మండాలి, లేకపోతే బండి కుంటుతుంది."

శేషఫణి కళ్లు మూసుకుని తెరిచాడు. "వంటగది. పొయ్యిలు రెండు. సైలెన్సరును పొగగొట్టము అనుకొనవచ్చునా?"

"అనుకోవచ్చు సార్." కరీముల్లాకి ఆట పట్టుబడింది. "సీటు బెల్టులు సార్. మనిషిని సీటుకి కట్టేస్తాయి."

"అనగా నివాసిని నివాసమునకు కట్టివేయుటయా?"

"మా ఆయనకి పెళ్లి కొత్తలోనే చేయించాల్సిన పని," అంది వరహాలమ్మ. "ముందు అది రాయండి."

అన్నీ అయ్యాక కరీముల్లా గొంతు తగ్గించి, ఏదో మర్చిపోయినట్టు, పెద్ద పిస్టన్లు అన్నాడు. అవేం చేస్తాయని శేషఫణి అడిగాడు. ఉన్న చోటులోనే ఇంకా ఎక్కువ పడుతుంది సార్ అన్నాడు కరీముల్లా.

"అదనపు అంతస్తు," అన్నాడు శేషఫణి. "అనుమతి నిరాకరించడమైనది."

నాయుడు జీవితంలో ప్రభుత్వంతో పూర్తిగా ఏకీభవించిన క్షణం అది.

కాయితం చేతికి రాగానే కారు కరీముల్లా షెడ్డుకి చేరింది. అనుకున్న వరసలోనే పని జరిగింది. పాత డ్రమ్ములు నూనె పూసుకుని సంచిలోకి వెళ్లాయి. చివరి రోజు కరీముల్లా రబ్బరు గొట్టం ఒక కొస చెవిలో పెట్టుకుని, రెండో కొస ఒకసారి ఈ కార్బొరేటర్ మూతి దగ్గర, ఒకసారి ఆ కార్బొరేటర్ మూతి దగ్గర పెట్టి విన్నాడు. రెండింటిలోనూ గాలి చప్పుడు ఒకేలా బుసకొట్టేదాకా స్క్రూలు పావు పావు తిప్పుతూ వచ్చాడు. నాయుడు కూడా గొట్టం చెవిలో పెట్టుకుని విన్నాడు. కాటా ముల్లు నడిమధ్యకి వచ్చి నిలబడితే కలిగే సుఖం అందులో కలిగింది. ఇంజను గొంతు సన్నగా, నిండుగా ఉంది. కశింకోటలో ఏ కిటికీ అదరలేదు.

బయల్దేరే రోజు ఇంటి ముందు పెద్ద హడావుడి. నాయుడి అక్క సింహాద్రమ్మ, ఆవిడ కోడలు, పిల్లలు, పులిహోర గిన్నెతో సహా వ్యానులో కూర్చున్నారు.

"మీరు ముందు పొండిరా తమ్ముడూ, మేం మీ వెనకాలే అంటిపెట్టుకుని వస్తాం," అంది సింహాద్రమ్మ.

వరహాలమ్మ మొహం చిన్నబోయింది. కారు ఇద్దరిదే కానీ రోడ్డు అందరిదీ. నాయుడు అక్కకి ఎదురు చెప్పిన మనిషి కాదు, ఇప్పుడూ చెప్పలేదు. అంతలో వీధి చివర మండలి జీపులు రెండు వచ్చి ఆగాయి. ఎర్రజెండా పట్టుకుని శేషఫణి దిగాడు.

"నివాసము కదలినచో వలయము వెంట కదలును. దాని పవిత్రతను కాపాడుట నా విధి," అని, ఒక జీపుని ముందు నూరు మీటర్ల దూరానికి పంపి, రెండో జీపుని వెనక నూరు మీటర్లలో నిలబెట్టించాడు. తరవాత వ్యాను కిటికీ దగ్గరకొచ్చాడు. "అమ్మా, వలయములోనికి సందర్శకులకు ప్రవేశము కలదు. ఉదయము పది నుండి సాయంత్రము అయిదు వరకు. శుక్రవారము సెలవు."

"ఇవాళ ఏ వారం?" అంది సింహాద్రమ్మ.

"శుక్రవారము."

వ్యాను, పులిహోరతో సహా, వెనక జీపుకి వెనకాల ఎక్కడో ఉండిపోయింది.

శృంగవరపుకోట దాటాక పోలీసు ఎస్సై ఒకాయన చెయ్యి అడ్డం పెట్టాడు. నాయుడు కాయితం ఇచ్చాడు. ఎస్సై రెండుసార్లు చదివాడు.

"ఇల్లంటారేంటి? నడుస్తోంది కదా."

వెనక జీపు దిగి శేషఫణి అప్పటికే వస్తున్నాడు. "వారు గృహమునందున్నారు. ముందుగా తెలియజేయకుండ ఇతరుల గృహములోనికి తొంగిచూచుట మీ శాఖకు తగదు." ఎస్సై ఒకడుగు వెనక్కి వేసి, గుమ్మం ముందు నిలబడ్డవాడిలా టోపీ సర్దుకున్నాడు.

ఘాట్ మొదలైంది. మలుపు మలుపుకీ నాయుడు వేడి చూపించే ముల్లుని చూశాడు. ఫ్యాను తిరుగుతోంది, ముల్లు కదల్లేదు. మధ్యలో ఒక వాలు దగ్గర బ్రేకు తొక్కి చూశాడు. కారు ఎవరో భుజం మీద చెయ్యి వేసినట్టు మెత్తగా ఆగింది. ముందు లారీ లేదు, వెనక హారను లేదు. శేషఫణి రెండు వైపులా రోడ్డుని ఊడ్చి పెట్టాడు.

లోయలో వలిసెపూలు ఇంకా ఉన్నాయి. చివరి పూలు. చాలా చేలు గోధుమరంగుకి తిరిగిపోయాయి, ఒక్క వాలు మాత్రం పచ్చగా పసుపు ఆరబోసినట్టు ఉంది. నాయుడు గట్టు పక్కన కారు ఆపి గుడ్డ కప్పు వెనక్కి మడిచాడు. సెల్ఫీలు దిగడానికి వచ్చిన జనం అప్పటికే దూరంగా ఎర్రజెండాల అవతల ఉన్నారు. వాళ్లకి శేషఫణి ఏదో నియమం చదివి వినిపిస్తున్నాడు.

ఇద్దరూ పూలకేసి చూస్తూ కూర్చున్నారు.

"ఏదేనా మాట్లాడండి," అంది వరహాలమ్మ.

నాయుడు గొంతు సవరించుకున్నాడు. "ఈ ఏడు చెరకు దిగుబడి..."

"అది కాదు."

ఆయన పక్కకి తిరిగి చూశాడు. "నీకు చెవి కింద పుట్టుమచ్చ ఉందేటి?"

"పుట్టినప్పటినుంచీ."

"నేనెప్పుడూ చూళ్లేదే."

"ఎప్పుడూ ఎవరో ఒకరు అడ్డంగా కూర్చునేవారు," అందావిడ.

సాయంత్రం దాకా అక్కడే ఉన్నారు. దూరాన సింహాద్రమ్మ వాళ్లు పులిహోర తినడం కనిపిస్తూనే ఉంది; వాసన రాలేదు. ఎండ దిగాక నాయుడు ఇంజను స్టార్టు చేశాడు. ముందు జీపు కదిలింది, దాని వెనక నూరు మీటర్ల ఖాళీ కదిలింది, దాని నడుమ వాళ్లు కదిలారు.

ఇంటికొచ్చి పడుకునే ముందు నాయుడు అలవాటు ప్రకారం లెక్క తేల్చుకున్నాడు. పోయినవి: గిడ్డంగి కప్పు రేకులు రెండు, ఎలుకల కుటుంబం ఒకటి, కశింకోట కిటికీల మీద కరీముల్లా పెట్టుకున్న ఆశ. తిరిగి వచ్చినవి: టీకొట్టు పొయ్యి, దాలినాయుడి మేడ, దాలినాయుడి మాట. మంత్రిగారికి ప్రారంభోత్సవం, శేషఫణికి మనశ్శాంతి. అవి ఎవరి ఖాతాలో వాళ్లకి జమ. తన ఖాతాలో మిగిలింది మాత్రం ఒక పుట్టుమచ్చ, అది చూడ్డానికి చుట్టూ నూరు మీటర్ల చోటు.

బెల్లమైనా, బంధుత్వమైనా తరుగు తీయకుండా నాయుడు ఎన్నడూ తూకం రాయలేదు. ఈ మిగులుకి మాత్రం తియ్యలేదు.